హోమ్ సర్వర్‌లో డిస్క్ మొరాయిస్తే: ముందు ఏం చూడాలి, దేన్ని ముట్టుకోకూడదు

ఫోల్డర్ తెరవబోతే తిరుగుతూనే ఉంటుంది. లేదా నిన్నటిదాకా ఉన్న డిస్క్ ఇవాళ లిస్టులో కనిపించదు. లేదా సర్వర్ అర్ధరాత్రి దానంతటదే రీస్టార్ట్ అయి, పొద్దున చూస్తే సగం సర్వీసులు లేవవు. ఇలాంటప్పుడు ఎవరికైనా టెన్షన్ వస్తుంది, చెయ్యి ముందు రీబూట్ మీదికే పోతుంది. దయచేసి ఆ పని మాత్రం వెంటనే చేయకండి. సిస్టమ్ ఉన్న డిస్కే దెబ్బతిని ఉంటే, ఏం జరిగిందో లాగ్‌లో రాసుకునే వీలు కూడా సర్వర్‌కి ఉండదు, ఆ సమాచారమంతా మెమరీలోనే ఉంటుంది, రీబూట్ కొట్టారంటే పోయినట్టే. పైగా కొనఊపిరితో ఉన్న హార్డ్ డిస్క్ ఇప్పుడు తిరుగుతోంది కాబట్టి ఎంతో కొంత చదవనిస్తోంది; ఒకసారి ఆగాక మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. స్టోరేజ్ సమస్య అనగానే డిస్క్ పోయిందని తేల్చేసి కొత్తది ఆర్డర్ పెట్టేస్తుంటారు. కేబుల్, పవర్, ర్యామ్, ఈ మూడింటిలో ఏది తేడా చేసినా పైకి మాత్రం డిస్కే పాడైనట్టు కనిపిస్తుంది. అందుకే ఈ గైడ్‌లో వరస ఇలా ఉంటుంది: ముందు డేటాని కాపాడుకోవడం, తర్వాత దోషి ఎవరో కనుక్కోవడం, ఆఖర్న రిపేరు. లినక్స్ మీద నడిచే ఏ సర్వర్‌కైనా ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: రాతలు ఆపండి

డౌన్‌లోడ్లు, కంటైనర్లు, మీడియా స్కానింగ్, సమస్య ఉందనుకుంటున్న డిస్క్ మీదకి వెళ్లే ప్రతిదీ ఆపేయండి. వీటన్నిటికంటే ముందు ఆపాల్సింది ఆటోమేటిక్ బ్యాకప్‌ని. వినడానికి విడ్డూరంగా ఉన్నా కారణం ఉంది. చాలామంది ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌ని డిలీట్ ఆప్షన్‌తో పెట్టుకుంటారు, అంటే ఇక్కడ లేని ఫైలు అక్కడా ఉండకూడదన్న లెక్క. ఇప్పుడు మీ డేటా డిస్క్ మౌంట్ కాలేదనుకోండి, అంటే తన ఫోల్డర్‌కి కలవలేదనుకోండి, ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, రాత్రి బ్యాకప్ వచ్చి ఆ ఖాళీని చూసి ‘ఓహో అన్నీ తీసేశారన్నమాట’ అనుకుని బ్యాకప్‌లో ఉన్నవి కూడా తుడిచేస్తుంది. డిస్క్ బాగానే ఉంది, కేబులే ఊడింది, కానీ బ్యాకప్ మాత్రం ఖాళీ అయిపోయింది. కాబట్టి ముందు షెడ్యూల్ ఆపండి, బ్యాకప్ డిస్క్‌ని వీలైతే విడదీసి పక్కన పెట్టండి. ఇది సర్దుకున్నాక బ్యాకప్ స్క్రిప్టులో ఒక లైను కలపండి: సోర్స్ నిజంగా మౌంట్ అయి ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోయేలా.

రెండో అడుగు: అసలు డిస్క్ నిండిపోయిందేమో చూడండి

చిన్నదే కానీ దీన్ని వదిలేసి పెద్దవాటి వెంట పడితే పూట వృథా. డీఎఫ్ కమాండ్‌ని హెచ్ ఆప్షన్‌తో ఒకసారి, ఐ ఆప్షన్‌తో ఒకసారి కొట్టండి. మొదటిది స్థలం చెబుతుంది, రెండోది ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే చోట్లు) చెబుతుంది. స్థలం సగం ఖాళీగా ఉన్నా ఐనోడ్‌లు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు, ‘డిస్క్‌లో చోటు లేదు’ అనే వస్తుంది. బోలెడన్ని చిన్న చిన్న ఫైళ్లుండే సర్వర్లలో ఇది కనిపిస్తుంది.

ఫైళ్లు తీసేసినా చోటు రాకపోతే, ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైలుని ఇంకా పట్టుకుని ఉందని అర్థం. ఎల్ఎస్ఓఎఫ్‌కి ప్లస్ పెద్ద ఎల్ 1 అని ఇస్తే అలాంటివన్నీ బయటపడతాయి, ఆ సర్వీసు రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లు వాడేవాళ్లయితే స్నాప్‌షాట్లు, అంటే ఒకప్పటి స్థితిని దాచిన కాపీలు, చూడండి, పాత ఫైళ్లని అవి వదలవు. ఈఎక్స్‌టీ4లో మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ కోసం కేటాయించి ఉంటుంది, పెద్ద డేటా డిస్క్ మీద అదే వందల గిగాబైట్లవుతుంది. డేటా డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్ఎస్‌తో తగ్గించుకోవచ్చు, సిస్టమ్ డిస్క్ మీద మాత్రం అలాగే ఉంచండి.

ఎక్కువమందికి తట్టనిది ఇంకోటుంది. డేటా డిస్క్ మౌంట్ కాని రోజుల్లో అదే ఫోల్డర్‌లోకి వచ్చిన ఫైళ్లు నిజానికి సిస్టమ్ డిస్క్ మీద పడతాయి. తర్వాత డిస్క్ మళ్లీ మౌంట్ అయ్యేసరికి అవి దాని కింద దాక్కుంటాయి, లెక్కలో కనిపించవు, కానీ చోటు తింటూనే ఉంటాయి. సిస్టమ్ డిస్క్ ఎందుకు నిండిందో ఎంత వెతికినా దొరకకపోతే, డేటా డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి ఆ ఫోల్డర్‌లోకి తొంగి చూడండి.

మూడో అడుగు: కెర్నల్ ఏం చెబుతోందో చదవండి

డీ, ఎం, ఈ, ఎస్, జీ. ఈ ఐదక్షరాల కమాండ్‌కి పెద్ద టీ ఆప్షన్ ఇస్తే టైముతో సహా కెర్నల్ (లినక్స్ మూల భాగం) సందేశాలు వస్తాయి. ఆ అవుట్‌పుట్‌ని వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇప్పటికే రీబూట్ అయిపోయి ఉంటే జర్నల్‌సీటీఎల్‌కి కే ఆప్షన్, దాంతోపాటు బీ మైనస్ 1 ఇస్తే కిందటి బూట్ సందేశాలు దొరుకుతాయి, అవి డిస్క్ మీద సేవ్ అయి ఉంటేనే సుమా.

అందులో మూడు రకాల సంగతులు వెతకండి. చదవలేకపోయానని చెబుతూ యూఎన్‌సీ అన్న మూడక్షరాలు ఉంటే, డిస్క్ మీద ఆ చోటు పాడైందని డిస్కే ఒప్పుకుంటున్నట్టు. ఐసీఆర్‌సీ అని ఉంటే డేటా దారిలో చెడిపోయింది, అంటే ముందు కేబుల్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇవేవీ లేకుండా లింక్‌ని హార్డ్ రీసెట్ చేస్తున్నా, లింక్ డౌన్ అయింది, మళ్లీ పైకొచ్చింది అని పదేపదే ఉంటే కేబుల్ కావచ్చు, పవర్ కావచ్చు, డిస్క్ ఎలక్ట్రానిక్స్ కావచ్చు. ఒక్క డిస్క్ మాత్రమే ఇలా చేస్తోందా, ఒకే క్షణంలో రెండు మూడు డిస్క్‌లు పడిపోతున్నాయా అన్నది జాగ్రత్తగా చూడండి. రెండు డిస్క్‌లు ఒకే సెకనులో పాడవడం చాలా అరుదు. వాటికి ఉమ్మడిగా ఉన్న పవర్ వైరో, కంట్రోలర్ కార్డో తేడాగా ఉండటమే ఎక్కువ.

ఫైల్ సిస్టమ్ ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోయిందా? అది తనని తాను కాపాడుకుంటోంది. బలవంతంగా మళ్లీ రైట్ మోడ్‌లో మౌంట్ చేసి పని కానిచ్చేయకండి.

నాలుగో అడుగు: స్మార్ట్ రిపోర్ట్, అందులో ఏ అంకెలు నమ్మాలి

స్మార్ట్ అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. దాన్ని చదవడానికి స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని స్మార్ట్‌సీటీఎల్‌ని ఎక్స్ ఆప్షన్‌తో నడపండి. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్క్ జవాబివ్వకపోతే డీ ఆప్షన్‌తో శాట్ అని కలిపి చూడండి, చాలా పెట్టెలకి అలా పనిచేస్తుంది.

పైన ‘పాస్డ్’ అని కనబడగానే ఊపిరి పీల్చుకోకండి. ఆ తీర్పు చాలా ఉదారమైనది, వందల చెడ్డ సెక్టార్లున్న (డిస్క్ మీద డేటా రాసే చిన్న ముక్కలు) డిస్క్ కూడా పాస్ అనిపించుకుంటుంది. కింద పట్టికలో చివరి కాలమ్, అంటే రా వాల్యూ, అక్కడ చూడాలి. 5వ నంబరు అనేది, డిస్క్ ఇప్పటికే వదిలేసి స్పేర్‌లోకి మార్చేసిన సెక్టార్ల లెక్క. 197 అనేది చదవలేకపోయి ఏం చేయాలో ఇంకా తేల్చుకోని సెక్టార్లు, 198 పరీక్షలో కూడా చదవలేకపోయినవి, 187 సరిచేయలేనని సిస్టమ్‌కి చెప్పిన తప్పులు. ఇవి సున్నా ఉంటే మంచిది. చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకుండా ఉంటే కనిపెట్టుకుని వాడొచ్చు. వారం వారం పెరుగుతుంటే మాత్రం వాదించడానికేం లేదు, మార్చేయాలి. 197లో ఉన్నవి ఒక్కోసారి ఆ చోట మళ్లీ రాయగానే మాయమవుతాయి, డిస్క్ ఆ చోటు బాగుందని తేల్చుకుంటే అలాగే ఉంచుతుంది, లేకపోతే స్పేర్‌లోకి మారుస్తుంది, అప్పుడు 5వ నంబరు పెరుగుతుంది. అందుకే రెండూ కలిపి చూడాలి.

199 వేరే కథ. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క. ఇది పెరుగుతోంటే డిస్క్‌ని నిందించకండి, కేబుల్ మార్చండి. ఈ అంకె మార్చాక కూడా సున్నాకి రాదు, అది ఎప్పటికీ అలా ఉండిపోతుంది, ఇకమీద పెరగడం ఆగిందా లేదా అన్నదే ప్రశ్న. కాబట్టి ఇవాళ్టి అంకె రాసిపెట్టుకోండి. ఇంకొకటి, 192: పవర్ హఠాత్తుగా పోయి హెడ్లు ఉన్నపళంగా వెనక్కి వెళ్లిన సార్లు. సర్వర్‌ని మీరు ఆపకుండానే ఇది పెరుగుతుంటే పవర్ వైపు చూడాల్సిందే.

కొన్ని కంపెనీల డిస్క్‌లలో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు కనిపించి భయపెడతాయి. ఆ కంపెనీలు అందులో తప్పుల లెక్కతో పాటు మొత్తం ఆపరేషన్ల లెక్క కూడా కలిపి రాస్తాయి, ఆ అంకెని నేరుగా చదివితే అర్థం ఉండదు. పట్టించుకోకండి.

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే పట్టిక వేరు. ‘పర్సంటేజ్ యూజ్డ్’ 100 దాటినా అది వెంటనే చచ్చిపోతుందని కాదు, తయారీదారు అంచనా వేసిన రాత సామర్థ్యం అయిపోయిందని మాత్రమే. ‘అవైలబుల్ స్పేర్’ తగ్గుతోందా, ‘మీడియా ఎర్రర్స్’ పెరుగుతున్నాయా, ‘క్రిటికల్ వార్నింగ్’ సున్నా కాకుండా ఉందా, ఇవీ చూడాల్సినవి.

డేటా మరోచోట భద్రంగా ఉందని తేలాకే లాంగ్ టెస్ట్ పెట్టండి. పెద్ద డిస్క్ మీద అది పది గంటలు దాటిపోతుంది, డిస్క్ మొత్తాన్ని చదువుతుంది, అసలే బలహీనంగా ఉన్న డిస్క్‌కి అది పెద్ద శ్రమ. షార్ట్ టెస్ట్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, కానీ అది పాస్ అయినంత మాత్రాన ఏమీ తేలదు.

ఐదో అడుగు: కేబుల్, పవర్, వేడి

స్మార్ట్ అంకెల్ని బట్టి డిస్కే పోతోందనిపించి, అందులో ఉన్నది వేరే ఎక్కడా లేకపోతే, ఆపకుండా ముందు ఏడో అడుగుకి వెళ్లండి. లేకపోతే ఇప్పుడు సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, మూత తెరవండి. ఇక్కడ ఒకే ఒక్క నియమం, కానీ దీన్ని పట్టుకోవాలి: ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, పవర్ కనెక్టర్ మూడూ ఒకేసారి మార్చేస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, ఆ చెడ్డ కేబుల్ మీ డబ్బాలోకి వెళ్లి ఆరు నెలల తర్వాత ఇంకో డిస్క్‌కి తగులుకుంటుంది. చెడిందని తేలిన కేబుల్‌ని కత్తిరించి పారేయండి.

ముందు సాటా కేబుల్ రెండు చివరలూ తీసి గట్టిగా పెట్టండి. లాగ్‌లో తేడా పోకపోతే కొత్త కేబుల్. అప్పటికీ పోకపోతే, బాగా పనిచేస్తున్న డిస్క్ పోర్టుకి దీన్ని, దీని పోర్టుకి దాన్ని మార్చి చూడండి. తప్పు డిస్క్‌తో పాటు వెళ్తే డిస్క్, పోర్టు దగ్గరే ఉండిపోతే పోర్టు. దీనికి మించిన పరీక్ష లేదు. డిస్క్ పేర్లు, అంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటివి, బూట్ అయినప్పుడల్లా మారొచ్చు కాబట్టి సీరియల్ నంబరుతోనే గుర్తుపట్టండి.

పవర్ సంగతి ఎక్కువగా నిర్లక్ష్యం అవుతుంది. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరు డిస్క్‌లు ఒకే వైరు మీద, స్ప్లిటర్ మీద స్ప్లిటర్ వేసి తగిలిస్తే బూట్ సమయంలోనో, స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) నడిచేటప్పుడో వోల్టేజ్ పడిపోయి డిస్క్‌లు జారిపోతాయి. స్ప్లిటర్లు తగ్గించండి, పవర్ సప్లై నుంచి వచ్చే వేరే వేరే వైర్ల మీదకి డిస్క్‌లని పంచండి. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్‌ల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కనెక్టర్లలో ప్లాస్టిక్‌ని కరిగించి పోతపోసిన రకం వాడకండి. లోపల వైర్లు దగ్గరగా జరిగి షార్ట్ అయి కాలిన ఉదాహరణలున్నాయి. పవర్ సప్లైలకి వచ్చే మాడ్యులర్ కేబుళ్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీదానికి అస్సలు పెట్టొద్దు. సాకెట్‌లో సరిగ్గా కూర్చోవచ్చు, కానీ పిన్‌ల వరస వేరే ఉంటే డిస్క్‌లన్నీ ఒక్క దెబ్బకి కాలిపోవచ్చు.

యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ పెట్టెలోంచి తీసిన డిస్క్ సర్వర్‌లో పెడితే అసలు తిరగకపోవచ్చు. డిస్క్ చచ్చిపోలేదు. కొత్త సాటా ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగిపోవాలని ఉంది, పాత పవర్ సప్లైలు ఆ పిన్‌కి ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. వేడిని తట్టుకునే పాలీఇమైడ్ టేప్‌ని ఆ పిన్ మీద వేస్తే తిరుగుతుంది.

అలాగే కొత్తగా ఎం.2 డ్రైవ్ పెట్టాక ఒకటో రెండో సాటా డిస్క్‌లు మాయమైతే మదర్‌బోర్డ్ మాన్యువల్ తీయండి. చాలా బోర్డుల్లో కొన్ని ఎం.2 స్లాట్లు, కొన్ని సాటా పోర్టులు ఒకే దారి పంచుకుంటాయి, ఒకటి వాడితే రెండోది ఆఫ్ అయిపోతుంది.

రాస్‌బెరీ పైకి యూఎస్‌బీ డిస్క్ తగిలించినవాళ్లు వీసీజెన్‌సీఎండీకి గెట్ థ్రాటిల్డ్ అని ఇచ్చి చూడండి. 0ఎక్స్0 వస్తే సరే. 0ఎక్స్50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ తగ్గిందన్నమాట, ముందు అడాప్టర్ మార్చండి, లేదా డిస్క్‌కి సొంత పవర్ ఉండే పెట్టె వాడండి.

వేడి సంగతి క్లుప్తంగా: హార్డ్ డిస్క్‌లు 45 డిగ్రీల లోపు ఉండేలా ఫ్యాన్ పెట్టుకోండి. హెచ్‌బీఏ కార్డులు (ఎక్కువ డిస్క్‌లు తగిలించడానికి పెట్టేవి) మాత్రం నేరుగా గాలి తగలకపోతే మండిపోతాయి, ఎందుకంటే అవి పెద్ద ఫ్యాన్లుండే డేటా సెంటర్ సర్వర్ల కోసం తయారైనవి. లోడ్ పడినప్పుడే అన్ని డిస్క్‌లూ ఒకేసారి పడిపోతుంటే ఆ కార్డు హీట్‌సింక్ మీదకి చిన్న ఫ్యాన్ తిప్పి చూడండి.

ఆరో అడుగు: ర్యామ్

స్క్రబ్ చేసినప్పుడు అన్ని డిస్క్‌ల మీదా చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టే లెక్క) తప్పులు కనిపిస్తున్నాయి, కానీ స్మార్ట్ అంతా శుభ్రంగా ఉంది. ప్రతిసారీ వేరే ఫైళ్లు చెడ్డవంటోంది. ఇది చాలావరకు ర్యామ్ చేసే పని. స్క్రబ్, రిపేర్ అన్నీ ఆపి, మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు వచ్చినా అది చాలు, ‘ఒక్కటే కదా’ అని సర్దుకోకండి. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి మళ్లీ పరీక్షించండి, తర్వాత స్టిక్కులు ఒక్కోటిగా. సర్వర్‌కి ఆ కాస్త వేగం అక్కర్లేదు, నికరంగా ఉండటమే కావాలి.

ఏడో అడుగు: డేటా బయటికి తీయడం

డిస్కే పాడైందని తేలి, అందులో ఉన్నది వేరే ఎక్కడా లేకపోతే, ఆ డిస్క్ మీద ఎఫ్ఎస్‌సీకే నడపకండి. ఎఫ్ఎస్‌సీకే ఫైల్ సిస్టమ్‌ని సర్దుతుంది, సర్దడమంటే రాయడం, చదవలేకపోతున్న డిస్క్ మీద రాస్తే ఉన్నది కూడా చెదిరిపోతుంది. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ని అంతకంటే తక్కువ కాని సైజున్న ఇంకో డిస్క్ మీదకి ఎత్తుకోండి. మామూలు కాపీ కమాండ్లు చెడ్డ సెక్టార్ దగ్గర ఇరుక్కుపోతాయి. ఇది సులువుగా చదవగలిగినదంతా ముందు తీసుకుని కష్టమైన చోట్లకి తర్వాత వెళ్తుంది. మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మొదలవుతుంది. మొదటి విడత ఎన్ ఆప్షన్‌తో, తర్వాతి విడత ఆర్ 3తో. ముందు సోర్స్, తర్వాత టార్గెట్. ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది, ఎంటర్ కొట్టేముందు సీరియల్ నంబర్లు రెండుసార్లు సరిచూసుకోండి.

ఆ తర్వాత రిపేరు ఏదైనా కాపీ మీదే. ఎఫ్ఎస్‌సీకే అయినా, ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్ అయినా ముందు ఎన్ ఆప్షన్‌తో, అంటే ఏమీ మార్చకుండా, ఏం చేయబోతోందో చూపించమనండి. బీటీఆర్ఎఫ్ఎస్ చెక్‌కి రిపేర్ ఆప్షన్ ఇవ్వడం అన్నీ అయిపోయాకే.

డిస్క్ టకటకమని కొట్టుకుంటుంటే, లేదా గీరుతున్న శబ్దం వస్తుంటే ఇవేవీ వద్దు, పవర్ తీసేయండి. ఆ డేటా మీకు ముఖ్యమైతే అది రికవరీ ల్యాబ్ పని. డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం చేయకండి.

రెయిడ్ ఉన్నవాళ్లకి

రెయిడ్ అంటే కొన్ని డిస్క్‌లని కలిపి ఒకటిగా వాడటం, ఆ డిస్క్‌ల గుంపే ఎర్రే. లినక్స్ సొంత ఎండీ రెయిడ్ అయితే ప్రాక్ ఎండీస్టాట్ ఫైల్‌లో యూ అక్షరాల మధ్య ఎక్కడ గీత ఉందో అదే పడిపోయిన డిస్క్. ఎర్రే లేవకపోతే ఎండీఎడీఎంకి అసెంబుల్ ఇవ్వండి, క్రియేట్ ఇవ్వకండి. క్రియేట్ కొత్త మెటాడేటా రాసేస్తుంది, వరసలో చిన్న తేడా ఉన్నా డేటా గల్లంతు.

డిస్క్ బాగానే ఉండి కూడా ఎర్రే నుంచి గెంటేయబడుతుంటే టైమవుట్ చూడండి. డెస్క్‌టాప్ డిస్క్‌లు చెడ్డ సెక్టార్ దగ్గర నిమిషాల తరబడి ప్రయత్నిస్తూ కూర్చోవచ్చు, లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఓపిక పట్టి రీసెట్ చేస్తుంది. నాస్ డిస్క్‌లు సాధారణంగా 7 సెకన్లలో వదిలేసి తప్పు ఒప్పుకుంటాయి, మిగతాది రెయిడ్ చూసుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ ఆప్షన్‌తో ఆ 7 సెకన్లు పెట్టగలిగితే పెట్టండి, డిస్క్ ఒప్పుకోకపోతే కెర్నల్ టైమవుట్‌ని 180 సెకన్లకి పెంచండి.

జెడ్ఎఫ్ఎస్‌లో జెడ్‌పూల్ స్టేటస్ చూపించే మూడు కాలమ్‌లలో రీడ్, రైట్ తప్పులు ఒక్క డిస్క్‌కే ఉంటే ఆ డిస్క్ లేదా దాని కేబుల్. డిస్క్ మార్చేటప్పుడు పాతది ఇంకా కొంచెమైనా చదవగలిగితే దాన్ని తీసేయకుండా, కొత్తదాన్ని పక్కన తగిలించి రీప్లేస్ చేయండి. రీబిల్డ్ మధ్యలో ఇంకో డిస్క్‌లో చెడ్డ సెక్టార్ తగిలితే పాతది ఆదుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం (ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసేది) కాదని డేటాషీట్‌లో చూసి మరీ కొనండి, పారిటీ రెయిడ్‌లో వాటి రీబిల్డ్ రోజుల తరబడి సాగి మధ్యలో పడిపోవచ్చు.

కొత్త డిస్క్ వచ్చాక

వచ్చిన వెంటనే ఎర్రేలో పెట్టేయకుండా లాంగ్ టెస్ట్ ఒకటి, వీలైతే బ్యాడ్‌బ్లాక్స్‌తో రాసి చదివే పరీక్ష ఒకటి చేయండి. రెండోది డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది కాబట్టి ఖాళీ డిస్క్ మీదే. సీరియల్ నంబరు చివరి నాలుగక్షరాలు కాగితం మీద రాసి డిస్క్ అంచుకి అంటించండి, ఎర్రేలో ఒకటి పడిపోయి ఉండగా చూసుకోకుండా బాగున్న డిస్క్ లాగేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) డిస్క్‌ని యూయూఐడీతో, అంటే మారని గుర్తింపు నంబరుతో, రాయండి, డేటా డిస్క్‌లకి నోఫెయిల్ కలపండి, అప్పుడు ఒక డిస్క్ లేకపోయినా సర్వర్ బూట్ అవుతుంది, మీరు దూరం నుంచైనా లాగిన్ అయి చూడగలుగుతారు. స్మార్ట్ అంకెల్ని కనిపెట్టుకుని ఉండే స్మార్ట్‌డీ ఆన్ చేసి, వారానికొక షార్ట్ టెస్ట్, నెలకొక లాంగ్ టెస్ట్, నెలకొక స్క్రబ్ షెడ్యూల్ చేసి, తప్పు వస్తే మెయిల్ లేదా ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేలా పెట్టండి. ఆ నోటిఫికేషన్ నిజంగా వస్తోందో లేదో ఒక టెస్ట్ మెసేజ్ పంపి చూసుకోండి. మొదటి అడుగులో ఆపిన బ్యాకప్ షెడ్యూల్‌ని, మౌంట్ చెక్ చేసే లైను కలిపాక, మళ్లీ ఆన్ చేయండి.